నాన్నకు ఖాళీగా కనిపించిన రోడ్డు

బాపట్లలో డిగ్రీ ఫిజిక్సు చదివే రోజుల్లో మా సార్ ఒకసారి పాఠం పక్కన పెట్టి కొత్తరకం పదార్థాల గురించి చెప్పారు. పలకల మీద సన్నటి రాగి రింగులు ఒక లెక్క ప్రకారం చెక్కి చుట్టూ నిలబెడితే, లోపలున్న వస్తువును కిరణాలు తాకకుండా పక్కకు ఒంగి, అవతల మళ్ళీ కలిసిపోతాయట. కాలువ నీళ్ళు వంతెన స్తంభాన్ని దాటి కలిసిపోయినట్టు. ఇక చూసేవాళ్ళకు ఆ వస్తువు అక్కడ లేనట్టే. అప్పటికి మైక్రోవేవ్ కిరణాలకే అది కుదిరింది. కంటికి కనిపించే వెలుగును అలా ఒంచాలంటే ఇంకా ఎంతో సన్నటి పనితనం కావాలన్నారు. రేపల్లెలో ఇంటికి వెళ్ళి నాన్న దగ్గర ఇదంతా ఊదరగొట్టాను.

నాన్నకు తెగ నచ్చింది. ఆ తర్వాత పక్కనున్న టీ గ్లాసు చెయ్యి తగిలి ఒలికినా, గడపకు కాలు తగిలినా, మీ సార్ చెప్పిన సరుకు మనింటికి వచ్చేసిందే అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

కోతలప్పుడు ఒక సాయంత్రం నాన్న మోపెడ్ వెనక కూర్చుని చెరుకుపల్లి నుంచి వస్తున్నాను. మా వైపు కోతలైతే సగం రోడ్డు కళ్ళమే. ఎడమవైపంతా ధాన్యం ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా అంచున రాళ్ళు పేరుస్తారు. రాళ్ళు దగ్గరకొస్తున్నా నాన్న పక్కకు తిప్పలేదు, వేగం తగ్గించలేదు. నేను అరిచేలోపే ఇద్దరం వడ్లలో పడ్డాం. దెబ్బలు పెద్దవి కావు. కాపలా ఉన్నాయన కళ్ళెక్కడ పెట్టుకున్నావని కేకలేశాడు.

"రోడ్డు ఖాళీగానే ఉంది కదండీ," అన్నాడు నాన్న.

ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు.

తెనాలి కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరం ఎండిపోతోందనీ, ఎడమ పక్క చూపు చాలావరకు పోయిందనీ, పోయినది తిరిగి రాదనీ చెప్పాడు. నాకు కోపమొచ్చింది. చూపు పోతే అక్కడ చీకటిగా ఉండాలి కదా, ఆ మాత్రం మనిషికి తెలియదా అని గట్టిగానే అడిగాను.

"నల్లగా ఏం కనపడదమ్మా. చుట్టుపక్కల ఉన్నదాన్నే మెదడు అక్కడ అతికేస్తుంది. ఆయనకు రోడ్డు నిండుగానే కనిపిస్తుంది."

ఎక్కడో లాబుల్లో ఎందరో తంటాలు పడుతున్న పని మా నాన్న తలలో చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన ఎడమ పక్కనుంచి ఎన్ని లారీలు పోయాయో.

బయటికొచ్చి రోడ్డు దాటబోతూ నాన్న ఆగాడు. కుడివైపు చూశాడు, వెనక్కి తిరిగి ఆస్పత్రి మెట్ల వైపు చూశాడు.

"ఎక్కడున్నావమ్మా?" అన్నాడు మెల్లగా.

నేను ఆయన ఎడమ భుజం పక్కనే ఉన్నాను.