మా చెల్లె కోసం పెట్టిన ఏడు సంతకాలు

మా చెల్లె ప్రమోదిని ఇంజనీరు. బెంగళూరులో ఉపగ్రహాలు తయారుచేసే చోట పనిచేసింది. అంతరిక్షానికి పోవడానికి ఎంపికైంది కూడా. ఈ మాట చెబితే మా మంథనిలో ఇప్పటికీ సగం మంది నమ్మరు. నమ్మిన సగం మంది, అయితే పైనుంచి ఏం తెచ్చిందని అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అసలు తప్పు నాది. 1954లో నన్ను బడిలో వేశారు. నాకు ఆరేళ్లు, బడంటే వణుకు. చెల్లె తోడు వస్తేనే పోతానని గడప పట్టుకుని ఏడ్చాను. దానికప్పుడు మూడున్నర. ఆ రోజుల్లో బడిలో పుట్టిన తేదీ కాగితాలు ఎవరు అడిగారు? పిల్లల కుడిచెయ్యి తల మీదుగా పోయి ఎడమ చెవిని అందుకుంటే అయిదేళ్లు నిండినట్టే లెక్క. సాంబయ్య పంతులు రిజిస్టరు మీద వంగి ఉన్నప్పుడు నేను చెల్లె వెనక చేరి, దాని తల ఓ పక్కకు వంచి, మోచెయ్యి పైకి నెట్టాను. చెవి అందింది. పంతులు తలెత్తి చూసి, పుట్టిన తేదీ 1949 జూన్ ఒకటి అని రాసేశాడు. ఆ తర్వాత నాకు తోడుగా వచ్చిన చెల్లె నన్ను దాటుకుని పోయింది. మెట్రిక్ నేను మూడుసార్లు రాశాను, అది ఒక్కసారే రాసింది.

1969లో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతున్న చెల్లె ఇంటికొచ్చింది. వచ్చి ఊరికే ఉంటే బాగుండేది. బస్టాండు దగ్గర రహమాన్ రేడియోల దుకాణంలో చేరి రోజంతా రేడియోలు విప్పుతూ కూర్చునేది. మా బాపు రాజేశ్వర్‌రావు పరువు పోతోందని గొణిగేవాడు గానీ, ఇంట్లో రేడియో ఖరాబైతే మాత్రం దాన్నే పిలిచేవాడు. జులైలో ఒక పొద్దున, చంద్రుడి మీద మనిషి దిగాడని వార్తలు చెప్పారు. దుకాణం ముందు జాతరలా జనం. చెల్లె స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"అన్నా, నేను గూడ పోత."

"యాడికే? కాలేజి బందున్నది గదా."

"పైకి."

నేను కడుపుబ్బ నవ్వాను. అది మాత్రం నవ్వకుండా లోపలికి పోయి మళ్లీ రేడియో ముందేసుకుంది.

చదువు కాగానే బెంగళూరులో ఉద్యోగం దొరికింది. ఇంట్లో పెండ్లి మాట ఎత్తిన నెల అది మంథని వైపు వచ్చేది కాదు. అట్లా ఏళ్లు గడిచాక, 1984లో, అమెరికా వాళ్ల స్పేస్ షటిల్‌లో మన ఉపగ్రహంతో పాటు ఒక ఇంజనీరును కూడా పంపుతామని వాళ్ల సంస్థలో ప్రకటించారు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. బడి కాగితం ప్రకారం మా చెల్లెకు సరిగ్గా నెల దాటింది. అసలు వయసు ముప్పై మూడున్నరే. అసలు తేదీకి రుజువుగా జాతకం పంపితే అక్కడి శాస్త్రవేత్తలు ముసిముసిగా నవ్వి, వయసు తప్పు పడిందని బడి పంతులే రాసిస్తే చూస్తామన్నారట. చెల్లె నాకు ఉత్తరం రాసింది, ఏదో ఒకటి చెయ్యి అన్నా అని.

సాంబయ్య పంతులు అప్పటికి డెబ్బై దాటినవాడు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. సంగతి చెప్పగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"నా రిజిస్టర్ల తప్పా? చెవి అందింది, రాసిన. నా కండ్లతోని చూసిన."

"అందలే సార్. నేనే యెనుకకెల్లి దాని తలకాయ వంచి చెయ్యి నూకిన."

"ఎందుకురా?"

"ఒక్కన్నే బడికొచ్చుడు భయమై సార్."

పంతులు నన్ను కిందికీ మీదికీ చూశాడు. నాకు ముప్పై ఆరేళ్లు. ఊరి సొసైటీ ప్రెసిడెంటును. ఇస్త్రీ లాల్చీలో ఉన్నాను.

"తియ్యి గుంజీలు. ఇర్వై."

తీశాను. బజారులో పోయేవాళ్లు ఆగి మరీ లెక్కపెట్టారు. పన్నెండు దగ్గర నా మోకాలు టప్పుమంది. ఇరవై పూర్తయ్యాక పంతులు లోపలినుంచి కాగితం తెచ్చి, గుండ్రటి అక్షరాలతో తన తప్పు తానే రాసిచ్చాడు. ఇచ్చే ముందు మరోసారి చదువుకున్నాడు. నాకు సిగ్గేసింది.

ఆ కాగితం చెల్లింది. ఇంకేం, పరీక్షల మీద పరీక్షలు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు. చీకటి గదిలో ఒంటరిగా ఉంచారు. అన్నిటికీ నిలబడి ఎంపికైంది. ఇంటికి వచ్చినప్పుడు మమ్మల్ని కన్న అవ్వ జానకీబాయి పట్టుకుంది.

"ఆడ తలకాయ కిందికుంటదట గదా బిడ్డా, అన్నం లోపలికెట్ల పోతదే?"

చెల్లె మంచం మీద వెల్లకిలా పడుకుని, తల కిందికి వేలాడేసి, ముద్ద మింగి చూపించింది. అవ్వ భయపడి దాని వీపు చరిచింది. రహమాన్ తల్లి బిస్మిల్లా బీ అయితే, "పైకెల్లి నెలవంక కనవడితే జర ముందుగాల మాకు చెప్పు బేటీ" అని మాట తీసుకుని గానీ కదలలేదు.

బాపు అప్పటికి లేడు. అందుకని, ఏం జరిగినా మాకు అభ్యంతరం లేదనే అంగీకార పత్రం మీద ఇంటి తరఫున నేనే సంతకం పెట్టాలి. ఏటా కొత్తగా పెట్టాలట. 1985లో మొదటిది పెట్టాను. పెట్టి, ఊరంతా మిఠాయి పంచాను.

మరుసటి జనవరిలో అమెరికా వాళ్ల షటిల్ ఎగిరిన నిమిషానికే ఆకాశంలో పేలిపోయింది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. పేపర్లో బొమ్మ చూసి, ఉన్నపళంగా బెంగళూరు రైలెక్కాను. చెల్లెను ఇంటికి తీసుకొచ్చేద్దామనే పోయాను. అది తలుపు తీసి, చాయ పోసి, ఆ ఏటి కాగితం నా ముందు పెట్టింది.

"నీకు పిచ్చి లేసిందా? గా పేలుడు చూసినంక గూడనా?"

"చూసినంకనే అన్నా. గా ఏడుగురి కాగితాల మీద గూడ ఇంట్లోల్లెవరో సంతకం పెట్టే ఉంటరు. నువ్వు పెట్టకుంటే నా పేరు కొట్టేస్తరు."

బతిమాలలేదది. కలం మూత తీసి నా చేతికిచ్చింది. నాకు దాని మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే సంతకం పెట్టాను.

ప్రయాణం వాయిదా పడుతూనే ఉంది, కాగితం మాత్రం ఆ తర్వాత ఏటా పోస్టులో వచ్చేది. పెట్టి, పోస్టులో వేసి, అటునుంచి అటే గుడికి పోయి, ఈ ఏడు కూడా దాన్ని పిలవకుండా చూడు స్వామీ అని మొక్కేవాణ్ణి. స్వామి నా మాటే విన్నాడు. ఏడు సంతకాలయ్యాయి. 1992లో ఎంపికైనవాళ్ల జాబితానే రద్దు చేశారు.

చెల్లె సెలవు పెట్టి మంథనికి వచ్చింది. రద్దయిందన్న కాగితం నాకు చూపించి వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. అది కొంగుతో నా కళ్లు తుడిచింది.

"ఏడ్వకన్నా. నాకంటె నీకే ఎక్కువ ఆశుండె."

నాది సంతోషంతో వచ్చిన ఏడుపని ఆ రోజు చెప్పలేకపోయాను. దాని ముఖం చూస్తూ ఇప్పటికీ చెప్పలేను కాబట్టి, ఇక్కడ రాశాను.