ముప్పై ఏడో నంబరు క్లిక్కర్

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకే. ఫిజిక్స్ చెప్పేదాన్ని. కరెంటు లేనిదే బల్బు వెలగదని పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ అడగను.

మా యూనివర్సిటీ ముత్తుకూరు దగ్గర. గాలిలో ఉప్పు, కిటికీల మీద థర్మల్ ప్లాంటు బూడిద. ఫ్యాన్లే రెండేళ్లకు తుప్పు పడతాయి. అలాంటి చోట క్లాసుకి క్లిక్కర్లు తెచ్చిపెట్టారు. టీవీ రిమోట్ కంటే చిన్నవి, నాలుగు బటన్లుంటాయి. నేను తెర మీద ప్రశ్న వేస్తాను, పిల్లలు జవాబు నొక్కుతారు. నొక్కినవాళ్ల పేరు పచ్చగా మారుతుంది. హాజరూ అదే. రానివాళ్ల క్లిక్కర్ స్నేహితులు నొక్కడం మొదటి వారంలోనే మొదలైంది.

ముప్పై ఏడో నంబరు కెజియాది. కోవూరు పిల్ల. జ్వరమొచ్చి వారంలో పోయింది. ఆమె పేరు జాబితాలోంచి తీసేయమని హెల్ప్‌డెస్క్‌కి రాశాను. సిస్టమ్ రీస్టార్ట్ చేయమని జవాబిచ్చారు. మళ్లీ రాస్తే, "సమస్య పరిష్కారమైంది" అని ముగించేశారు. చనిపోయిన పిల్ల పేరు మాత్రం రోజూ గైర్హాజరని తెర మీద ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఛీ, ఏం మనుషులు వీళ్లు అనిపించేది.

ఒక సోమవారం పొద్దున ఆ పేరు పచ్చబడింది.

కెజియా పక్కన కూర్చునే కావేరి సంచిలో ఆ క్లిక్కర్ దొరికింది. పులికాట్‌లో చేపలు పట్టే ఇంటి పిల్ల, ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి. "చచ్చిపోయినదానికి కూడా ప్రాక్సీనా?" అని క్లాసందరి ముందూ అరిచాను. ఆ కోపంలోనే పరీక్షల విభాగానికి ఫిర్యాదు కూడా పంపాను.

క్లాసు అయ్యాక కావేరి నా గదికి వచ్చింది.

"నేనే నొక్కినా మేడం. దాని పేరు అట్టా ఎర్రగా ఉంటే చూళ్ళేకపోయినా."

నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని పరుగెత్తాను. కుదరదన్నారు. పరికరంలోనే లోపముందని హెల్ప్‌డెస్క్ రాసిస్తే తప్ప కావేరికి హాల్‌టికెట్ ఇవ్వరట. పరీక్షలకు పది రోజులే ఉన్నాయి.

ఆ క్లిక్కర్‌లో బ్యాటరీలు తీసి ఇంకో అమ్మాయికిచ్చాను. ఖాళీ క్లిక్కర్‌ని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. మరునాడు మొదటి ప్రశ్నకే కెజియా పేరు పచ్చబడింది. కావేరి చేతులు బల్ల మీదే ఉన్నాయి. ఆ మరునాడూ అంతే.

హెల్ప్‌డెస్క్ గదికి మూడుసార్లు తిరిగాను. అక్కడి అతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "దానంతట అది నొక్కుకోదు మేడం, ఎవురో నొక్కుంటారు" అన్నాడు. చివరికి పోరుపెట్టి క్లాసుకి లాక్కొచ్చి, వెనక మూత తీసిన క్లిక్కర్ అతని చేతిలోనే పెట్టాను. ప్రశ్న వేశాను.

పేరు పచ్చబడింది.

అతను తెర వైపు చూశాడు, చేతిలో ఖాళీ బ్యాటరీ గుంట వైపు చూశాడు. క్లిక్కర్‌ని బల్ల మీద పెట్టి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నేనేం చూళ్ళా మేడం," అని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కాగితం వచ్చింది. ముప్పై ఏడో నంబరులో బ్యాటరీ లోపం, కొత్తవి వేశాం, సమస్య పరిష్కారమైంది. కింద లెక్చరర్ ధ్రువీకరించాలి. అతను వేసిందీ లేదు, నేను చూసిందీ లేదు. సంతకం పెట్టాను. మర్నాడు కావేరికి హాల్‌టికెట్ ఇచ్చారు.

క్షమించమని ఆ పిల్లని అడిగాను. హాల్‌టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది.

"కెజియాకి చెప్పండి మేడం," అంది.

ఆ రోజునుంచి ఆ పేరు మళ్లీ పచ్చబడలేదు. జాబితాలోంచి ఇప్పటికీ తీయలేదు, రోజూ ఎర్రగానే ఉంటోంది. క్లిక్కర్ నా బీరువాలోనే ఉంది. బ్యాటరీ లేకుండా అది ఎలా పలికిందో, హాల్‌టికెట్ రాగానే ఎందుకు ఆగిపోయిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అందులో కొత్త బ్యాటరీలు వేశారన్న కాగితం మీద ఉన్నది మాత్రం నా సంతకమే.