నాలుగో కుర్చీ

సింగపూర్ హౌగాంగ్‌లో మా పక్క ఫ్లాటు పుష్పవల్లి ఆంటీకి లెక్కలు రావు. మలేషియా నుంచి పెళ్లయి వచ్చి, ఏళ్లకేళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని ఆఫీసులన్నీ గడగడలాడుతున్న రోజులవి. నేను మా ఆఫీసులోనే కాపురం పెడితే, బడి వదిలాక మా అరుణశ్రీని చూసుకున్నది ఆవిడే.

పిల్ల చదివేది ఒకటో తరగతి, చేసేది నాలుగో తరగతి లెక్కలు. బడిలో "అందరూ చేసేదాకా ఆగు" అనేవాళ్లు. ఆగి ఆగి అది జవాబులు రాయడమే మానేసింది. లెక్కలంటేనే విరక్తి పుడుతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఆంటీ దగ్గర మాత్రం నోరు విప్పేది. ఆవిడ నోట "తప్పు" అన్న మాటే రాదు. "ఎట్టా వచ్చిందో చెప్పమ్మా" అని, ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా వినేది. నేనైతే మధ్యలోనే వాచీ చూసుకునేదాన్ని.

ఓ శనివారం "మకాన్‌కి పోదాం రండి" అని ఆంటీ మమ్మల్ని తినడానికి కింద కాఫీ షాపుకు తీసుకెళ్లింది. ఇక్కడ టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ కుర్చీ చోప్ చేసినట్టే, ఇంకెవరూ కూర్చోరు. ఆంటీ నాలుగు పెట్టింది. నాలుగో కుర్చీలో నా బ్యాగు పడేశాను.

"ముగ్గురమే కదా ఆంటీ?"

"అలవాటమ్మా" అంది ఎటో చూస్తూ.

"నో, ఫోర్ లా" అంది అరుణశ్రీ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"తప్పు. సరిగ్గా లెక్కపెట్టు" అన్నాను.

పెన్సిల్ ఆగిపోయింది. బడి నుంచి తెచ్చుకునే ఆ బిగుసుకుపోయిన మొహం మళ్లీ వచ్చేసింది.

ఆంటీ మెల్లగా అడిగింది. "ఎట్టా వచ్చిందమ్మా?"

"యూ, నేను, అమ్మ... అండ్ అక్క. ఎవ్రీడే నాతో సమ్స్ చేస్తుంది. లెఫ్ట్ హ్యాండ్‌తో రాస్తుంది."

అరుణశ్రీకి అక్కంటూ ఎవరూ లేరు. ఆంటీ నాలుగో కుర్చీ వైపు చూసింది.

"మా అమ్మాయి పునీత... ఎడం చేత్తో రాస్తోందని బళ్లో కొట్టేవాళ్లు. ఏడేళ్లకే జ్వరంతో పోయింది. ఈ బిడ్డకి నేనెప్పుడూ చెప్పలేదమ్మా. ఇంట్లో ఫోటో కూడా లేదు."

పిల్లను లాక్కుని పరుగెత్తాలనిపించింది. కానీ అరుణశ్రీ నా మొహంలోకే చూస్తోంది, ఈసారి ఏమంటానోనని. మళ్లీ తప్పంటే ఇక జన్మలో నాకు లెక్క చెప్పదు.

"అమ్మా, నీ బ్యాగ్" అంది అది చిన్నగా. "అక్క స్టాండింగ్."

నేను బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పెన్సిల్ మళ్లీ కదిలింది.