చొక్కా తొడుక్కుంటూ చదివిన హీబ్రూ

నేను హీబ్రూ క్రియలు వల్లించుకుంటుంటే చాటుగా వీడియో తీసి, తరగతి వాట్సాప్ గ్రూపులో నవ్వులాటకు పెట్టారు. పెట్టినవాడు పాఠం చెప్పే పాస్టరే.

పటాన్‌చెరు చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆయన హీబ్రూ చెబుతాడు. నా కొడుకు కంటే చిన్నవాడు. నేను బడికి పోలేదు. దుకాణాల బోర్డులు చూసి తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. తెలుగు బైబిల్లో రోజూ చదివే కీర్తనలను వాటి సొంత భాషలో ఒక్కసారైనా చదవాలని, ఈ వయసులో వెళ్లి ముందు బెంచీ మీద కూర్చున్నాను.

ఆ వారం పాఠం, మనిషి తనకు తాను చేసుకునే పనుల క్రియలు. మనం చివర ‘కొను’ చేర్చినట్టు వాళ్లు ముందు ‘హిత్’ చేరుస్తారు. నాకు చదువు అబ్బే తీరు ఒక్కటే. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ పని నేర్పిన ఉస్తాద్, వాల్వు మీద చెయ్యి పెట్టించి దాని పేరు గట్టిగా అనిపించేవాడు. అట్లా పట్టుబడింది ఇప్పటికీ మరవలేదు. అందుకే తరగతికి ముందు, ఖాళీ హాల్లో, ‘హిత్‌రహత్‌స్తి’ అంటూ ముఖం కడుక్కున్నట్టు చేశాను. ‘హిత్‌గల్లహ్తి’ అంటూ వేలితో గడ్డం గీసుకున్నాను. ‘హిత్‌లబ్బష్తి’ కోసం చొక్కా విప్పి మళ్లీ తొడుక్కున్నాను. లోపల బనీను చిరిగి ఉంది.

మర్నాడు చాయ్ హోటల్లో, మా చర్చికే వచ్చే ఆటో డ్రైవర్ తన గుండీ పట్టుకుని, “ఏం కాకా, నన్ను గూడ అంగీ ఇప్పమంటవా?” అన్నాడు. పక్కవాళ్లు పడీపడీ నవ్వారు.

“ఏందిరా, ఏమైంది?”

“నీకు తెల్వదా? ఊరంత సూసింది!” అని ఫోన్ చూపించాడు. ముందుగా నా కంట పడింది బనీను చిరుగే. చాయ్ అట్లాగే వదిలేసి వచ్చాను.

చదువుకున్నవాడు చేసే పనేనా అది? కానీ కోపం కంటే సిగ్గే ఎక్కువైంది. కోడలు కొత్త బనీన్లు తెచ్చి నా మంచం మీద పెట్టింది. అడిగి నవ్వినా బాగుండేది.

పాస్టర్‌కు ఫోన్లో రాశాను: “గ్రూపుల పెట్టింది తియ్యి. అందరి ముందర తప్పైందని చెప్పు. గప్పుడే వస్త.” చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. ఆదివారాలు గడిచాయి. గది తలుపు మూసుకున్నాక కూడా, పాఠం గట్టిగా చదవడానికి నోరు రాలేదు.

చివరికి ఆయన రాశాడు: “తీసేసిన తాతా. మీరు రాండ్రి, మీ బెంచీ మీద ఎవ్వర్ని కూసోనిస్తలేను. అందరి ముందర తప్పైందని చెప్పుడు మాత్రం నాతోని కాదు, సిగ్గయితది.”