అబూ రాకాన్ దిష్టి

లోకంలో ఏ పని చెడినా అబూ రాకాన్‌కి కారణం ఒకటే కనిపిస్తుంది. దిష్టి. మబ్బు పడితే దిష్టి. ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోతే దిష్టి. చార్జింగ్‌కి పెట్టి స్విచ్ వెయ్యడం మరిచిపోయినా దిష్టే, ఎందుకంటే ఆయన లెక్కలో మరపు దానంతటది రాదు, ఎవరో చూస్తేనే వస్తుంది. అమ్మాన్‌లో ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పగలంతా జనానికి చూపు బాగుచేసి పంపిస్తాడు, మళ్ళీ ఆ చూపు తనమీద పడకుండా కాచుకుంటాడు. తీరిక దొరికితే టెలిస్కోపు పెట్టి నెబ్యులాల ఫోటోలు తీస్తాడు.

నెబ్యులా అంటే చుక్కల నడుమ పోగుపడ్డ వాయువూ ధూళీ. మామూలు కంటికి కనిపించి చావదు. ఒకే చోటికి గురిపెట్టి రాత్రంతా వరసగా ఫోటోలు తీసుకోవాలి. చెడ్డవి పారేసి, మంచివి కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చుకోవాలి. అప్పుడు ఆ చీకట్లోంచి రంగుని బతిమాలి బయటికి రప్పించాలి. ఊళ్ళో చుక్కల ఫోటోలు తీసేవాళ్ళకో క్లబ్బు ఉంది, అందులో ఈ పని అబూ రాకాన్‌కి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు వాయిల్. అందుకే అతని కడుపు మండేది.

వాయిల్ బీమా కంపెనీలో పనిచేస్తాడు. అబూ రాకాన్ టెలిస్కోపుకి అక్కడక్కడా టేపు చుట్టి ఉంటుంది. వాయిల్‌ది దానికి రెండింతలు, కారులో వెనక సీటు మొత్తం దానిదే. అయినా ఏటా క్లబ్బు పెట్టే ప్రదర్శనలో, గుమ్మం ఎదురుగా నిలువెత్తున వేలాడేది అబూ రాకాన్ ఫోటోనే. వాయిల్ ఫోటో ఎప్పుడూ మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో ఉండేది. చూసేవాళ్ళు చాలామందే, కానీ అందరూ తొందరలో ఉండేవాళ్ళు.

ఇంట్లో కూర్చుని వాయిల్ అబూ రాకాన్ ఫోటోలను తెరమీద పెద్దవి చేసి మూలమూలలా తప్పు వెతికేవాడు. ఒకరోజు అతని భార్య లుబ్నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "నన్నెప్పుడైనా ఇంత దగ్గరగా చూశావా?" అని అడిగింది. తనలో వెతకడానికి తప్పులేం లేవన్నాడు వాయిల్. అతని జీవితంలో సమయానికి తోచిన జవాబు అదొక్కటే.

అబూ రాకాన్ జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. దిష్టి తగలకుండా టెలిస్కోపుకి నీలిపూస కట్టాడు. ఎడారి గాలికి ఆ పూస రాత్రంతా గొట్టాన్ని టకటకా కొట్టి, చుక్కలన్నీ కామాల్లా వచ్చాయి. పూసని తీసెయ్యమన్నారు అందరూ. పాపం పూసకే దిష్టి తగిలిందని, దానికి కాపలాగా ఇంకో పూస కట్టాడాయన. మరోసారి టెలిస్కోపు చుట్టూ పటిక కాల్చి పొగ వేశాడు. ఆ రాత్రి ఫోటోలో మృగశిర పక్కన ఎవరూ ఎన్నడూ చూడని మేఘం ఒకటి దొరికింది. క్లబ్బు నడిపే ఇంజనీరు దీమా కాసేపు పరీక్షగా చూసి, "బాబాయ్, ఇది నెబ్యులా కాదు, పటిక" అని తేల్చింది.

ఆయన ఫోటోని ఎవరైనా మెచ్చుకుంటే మాషల్లా అనాలి. దేవుడు ఇచ్చాడు అని ఆ మాటతో ఒప్పుకుంటే మెచ్చుకోలులో విషం ఉండదట. అనకపోతే వదిలేవాడు కాదు, గుమ్మం దాకా వెంటపడి అనిపించేవాడు. వాయిల్ మాత్రం ఎన్నడూ అనలేదు. "బావుంది" అని ఊరుకునేవాడు, అదీ పన్ను పీకించుకున్నవాడిలా.

క్లబ్బులో మునీర్ అనే ఒక డాక్టరు ఓసారి టెలిస్కోపు మూత తియ్యకుండానే రాత్రంతా ఫోటోలు తీశాడు. పొద్దున చూస్తే కటిక నలుపు. అందరూ నవ్వబోయేంతలో అబూ రాకాన్ లేచి ఇది దిష్టేనని, గట్టి దిష్టని, అల్లాటప్పా చూపుకి తెర ఇంత నల్లబడదని ఉపన్యాసం అందుకున్నాడు. నవ్వంతా ఆయనమీదికి మళ్ళింది. మునీర్ కూడా నవ్వాడు. వాయిల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అంత నవ్వులో మూత సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఈ ఏడు ఎలాగైనా గుమ్మం ఎదురుగోడ తనదవ్వాలని వాయిల్ పంతం పట్టాడు. శీతాకాలమంతా గులాబి నెబ్యులా గురించే కలవరించాడు. ప్రదర్శనకి ముందు వచ్చే ఆఖరి అమావాస్యకి క్లబ్బు అంతా అజ్రక్ ఎడారికి బయలుదేరింది. తీరా చూస్తే అబూ రాకాన్ కూడా గులాబికే గురిపెట్టాడు, అదీ వాయిల్ పక్కనే.

వాయిల్ చదువుకున్నవాడు. దిష్టినీ గిష్టినీ నమ్మడు. కానీ నమ్మని పనిని ఒకసారి చేసి చూస్తే పోయేదేముంది అనిపించింది. తన టెలిస్కోపు ముందు చీలికల పలక పెట్టాడు. అది ఉంటే చుక్కకి మీసాలు వస్తాయి, మీసాలు సరిగ్గా కుదిరాయంటే చూపు కుదిరినట్టు. కుదిరాక పలక తీసేసి ఫోటోలు మొదలుపెట్టాలి. మీసాలు కుదిరాయి. వాయిల్ ఫోటోలు మొదలుపెట్టి, అబూ రాకాన్ టెలిస్కోపు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, రెప్ప వెయ్యకుండా దాన్నే చూశాడు. ఎంత బావుందో, ఎంత బాగా తీస్తుందో అని మనసులో పొగిడాడు, మాషల్లా అనకుండా. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా చూసి, తృప్తిగా వెళ్ళి కారులో పడుకున్నాడు.

మర్నాడు పొద్దున దీమా ఇంట్లో ఫూల్ అనే చిక్కుడుగింజల ముద్దకూర, రొట్టె, సేజ్ ఆకు వేసిన టీ. తింటూ ఎవరెవరికి ఏం దొరికిందో పెద్ద తెరమీద చూసుకోవడం క్లబ్బు ఆనవాయితీ. ముందు నాదేనని లేచి వాయిల్ తన మొదటి ఫోటో తెరిచాడు.

ప్రతి చుక్కకీ మీసాలున్నాయి. పెద్ద చుక్కలకి కోరమీసాలు, చిన్నవాటికి నూనూగు మీసాలు. పలక తియ్యలేదు. దీమా పెదవులు బిగించింది. మునీర్ రొట్టె ముక్కని నోటిదాకా తెచ్చి ఆపాడు. వాయిల్ చెవులు ఎర్రబడ్డాయి.

"దిష్టి" అన్నాడు అబూ రాకాన్.

"మొదలెట్టాడు" అని ఎవరో మూలిగారు.

"ఎవరి దిష్టి, బాబాయ్?" అంది దీమా.

"నాదే. చెప్పడానికి సిగ్గెందుకు? అంత పెద్ద టెలిస్కోపు పక్కన పెట్టుకుని నేనేం రాయినా? రాత్రంతా కుళ్ళిపోయాను. మాషల్లా అందామనుకున్నాను, నోరు రాలేదు."

గది గొల్లుమంది. ఇన్నేళ్ళూ అందరి చూపులకీ దడిసినవాడి కళ్ళే కొరివికళ్ళని తేలింది మరి. దిష్టి పెట్టినవాడు చేతులూ మొహమూ కడిగి, ఆ నీళ్ళు తగిలినవాడిమీద పోస్తే విరుగుడని అక్కడ అందరికీ తెలిసిందే. దీమా గిన్నె తెచ్చింది. అబూ రాకాన్ ఫూల్ అంటిన వేళ్ళు, గడ్డం, మోచేతులు శ్రద్ధగా కడిగి, ఆ గిన్నెడు నీళ్ళూ వాయిల్ నెత్తిన కుమ్మరించాడు. ఓ చిక్కుడుగింజ కూడా పడింది.

నీళ్ళు కారుతూ నిలబడ్డ వాయిల్‌కి కోపం రాలేదు. అబూ రాకాన్ తనని చూసి కుళ్ళుకున్నాడట. అంతమంది ముందు, తన నోటితో తనే చెప్పాడు. ఏటా గుమ్మం ఎదురుగోడ మీద వేలాడేవాడికి ఈ సుఖం తెలిసే అవకాశం లేదు.

ఇంటికి వచ్చి తల తుడుచుకుని, మిగతా ఫోటోలు చెరిపేద్దామని తెరిచాడు. మొదట్లో అన్నీ మీసాలే. ఒకచోట ఫోటో మొత్తం అదిరినట్టు ఉంది, ఎవరో టెలిస్కోపుని ముట్టుకున్నట్టు. ఆ తరవాతివన్నీ మీసాల్లేకుండా నున్నగా ఉన్నాయి. తను కారులో గురకపెడుతున్నాడు, పలక దానంతటది దిగలేదు. వాయిల్ సంచి వెతికాడు. పక్క అరలో పలక ఉంది, కళ్ళజోళ్ళ దుకాణం పేరున్న మెత్తటి గుడ్డలో చుట్టి. దాని అంచున నీలిపూస కట్టి ఉంది, ఇకముందు చీకట్లోనైనా తగిలి టకటకమనేలా.

లుబ్నా అంతా విని, "ఆ డాక్టరు మూత తియ్యనప్పుడూ దిష్టే అన్నాడు కదూ?" అంది. "ఆయనకి దిష్టి కనబడినప్పుడల్లా ఎవరో ఒకరు పరువుతో ఇంటికి వస్తున్నారు."

వాయిల్ మీసాలన్నీ పారేసి మిగిలినవి పేర్చాడు. గులాబి కాస్త పలచగానే వచ్చింది, కానీ వచ్చింది. ప్రదర్శనలో గుమ్మం ఎదురుగోడ ఈసారి కూడా అబూ రాకాన్‌దే. వాయిల్ గులాబికి పక్కగోడ దక్కింది, మరుగుదొడ్డికి బాగా దూరంగా.

వాయిల్ ఆ నిలువెత్తు ఫోటో ముందు నిలబడి అలవాటుగా మూలలు వెతికాడు. కుడివైపు కింద ఓ చుక్క కొంచెం సాగి ఉంది. ప్రాణం లేచివచ్చింది. వెనక అబూ రాకాన్ వచ్చి నిలబడ్డాడు.

"మాషల్లా" అన్నాడు వాయిల్.

అబూ రాకాన్ కంగారుగా అతని నుదురు తాకి చూశాడు. "జ్వరమేం లేదే" అని, పటిక కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.