టబ్బుకిచ్చిన ఫోను

ఆ నీలం టబ్బును శౌరమ్మ వాడదు, పారేయదు. పెరట్లో కుళాయి పక్కన బోర్లించి ఉంచుతుంది.

అది ఇంటికొచ్చిన రోజు మాత్రం సంబరపడింది. భర్త ఇన్నాసి చనిపోయి ఏడాది కావస్తోంది. గుడిలో ఫాదరుగారితో సంవత్సరీకం పూజ చెప్పించాలని ఇల్లు దులుపుతుంటే, వీధిలోకి మోపెడ్ వచ్చింది. దాని మీద మైకు అరుస్తోంది. "పాత సెల్‌ఫోన్లు, పగిలిపోయినవి, నీళ్లలో పడ్డవి తీసుకుంటాం! మగ్గులిస్తాం, టబ్బులిస్తాం!"

బీరువాలో ఇన్నాసి ఫోను ఉంది. ఆటోనగర్ షెడ్డులో లారీకి రంగు వేస్తూ గుండెపోటుతో కూలబడినప్పుడు అతని జేబులోంచి జారి అద్దం ముక్కలైంది. మళ్లీ వెలగలేదు. మనిషితోపాటే అదీ పోయిందనుకుంది శౌరమ్మ.

"మగ్గొస్తుందమ్మా," అన్నాడు మోపెడ్ అతను.

"మగ్గా? మా ఆయన మోజుపడి కొనుక్కున్న ఫోనయ్యా అది. టబ్బిస్తే ఇస్తా, లేకపోతే నీ దారిన పో."

బేరం గెలిచింది. పక్కింటావిడకు చూపించి మరీ చెప్పుకుంది.

పూజ రోజు ఇన్నాసి దగ్గర పని నేర్చుకున్న ఇష్తియాక్ వచ్చాడు. భోజనం చేసి చేతులు తుడుచుకుంటూ, "వదినా, అన్న ఫోను ఇటివ్వు. బాగుచేయించి తెస్తా," అన్నాడు.

"చచ్చిన ఫోనుతో ఏం పనయ్యా?"

"పగిలింది అద్దమే గదా. లోపలవి లోపలే ఉంటాయి. అన్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి."

లారీ ఓనర్లు ఫోనులో ఒక రంగు చెప్పి, బండి తయారయ్యాక "నేనట్టా చెప్పలా" అని అడ్డం తిరిగేవాళ్లట. అందుకని వచ్చే ప్రతి ఫోనూ, చేసే ప్రతి ఫోనూ రికార్డయ్యేలా పెట్టుకున్నాడట ఇన్నాసి.

"ఓనర్లవేగా?" అంది శౌరమ్మ.

"ఎవరు ఓనరో, ఎవరు పెళ్లామో ఫోనుకేం తెలుసు వదినా? అందరివీ ఎక్కుతాయి."

రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు ఇన్నాసి. "ఏం కూర శౌరీ?" అనేవాడు. వంకాయంటే వంకాయేనా అని గునిసేవాడు. దోసకాయంటే ముక్కలు గట్టిగా ఉంచావా అని అడిగేవాడు. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ, "ఏదో ఒకటి వండాన్లే, పెట్టెయ్," అనేది తను. అవన్నీ దాచిపెట్టి ఉన్నాయి. తను టబ్బుకిచ్చేసింది.

ఆ సంగతి చెప్పేసరికి, "ఆ మోపెడ్ మళ్లీ వస్తే పట్టుకో వదినా," అంటూ లేచాడు ఇష్తియాక్.

తర్వాత మోపెడ్ మైకు ఎప్పుడు వినబడుతుందా అని గుమ్మంలోనే కూర్చుంది. వినబడగానే టబ్బు చంకనేసుకుని పరుగెత్తింది.

"ఇదిగో నీ టబ్బు. చుక్క నీళ్లు కూడా పొయ్యలేదు. నా ఫోను నాకియ్యి."

"ఆ మూట ఎప్పుడో హోల్‌సేలోళ్లకు పోయిందమ్మా. ఎన్ని మూటలని వెతకను? కావాలంటే ఇంకో టబ్బిస్తా, తీసుకో."

శౌరమ్మ తన టబ్బునే మళ్లీ చంకనేసుకుని ఇంటికొచ్చింది.

కొన్నాళ్లకు ఇష్తియాక్ మళ్లీ వచ్చాడు. అతనూ అన్నను చూసి తన ఫోనులో రికార్డు పెట్టుకున్నవాడే. నిండినప్పుడల్లా పాతవి తీసేయగా, అన్న మాట్లాడింది ఒక్కటి మిగిలింది. "ఇందులో నువ్వు కూడా ఉన్నావు వదినా," అంటూ నొక్కాడు.

ఇన్నాసి గొంతు. పక్కనే ఉన్నట్టుంది.

"ఎర్ర డబ్బా మూత గట్టిగా పెట్టావంట్రా? ఎండిపోయిందంటే రేపు ఓనరు నీ రక్తమే పూయమంటాడు." నవ్వాడు. "ఇంకో మాటరా, ఆ క్యాబిన్‌కి..."

వెనకనుంచి ఆడగొంతు. "ఇంటికొచ్చినా ఆటోనగరేనా? అన్నం చల్లారిపోతోంది, ఆ ఫోను పెట్టెయ్!"

"సరేరా, మీ వదిన కేకలేస్తోంది. రేపు చెప్తా."

అంతే. ఆగిపోయింది.

"ఇంకోసారి పెట్టయ్యా," అంది శౌరమ్మ.

పెట్టాడు. ఎర్ర డబ్బా అయింది, నవ్వు అయింది. "ఇంకో మాటరా" అన్న చోట శౌరమ్మ చటుక్కున ఫోను మీద అరచెయ్యి మూసింది. వేళ్ల సందుల్లోంచి తన గొంతు వినబడుతూనే ఉంది.