కింది వీధి బావిలో మందెందుకు వేయలేదు

పోయిన నెలలో ప్రొద్దుటూరులో మా ఇంటికి ఒక పిల్ల వచ్చింది. వయసు మళ్ళిన ఆడవాళ్ళకు ఎముకలు ఎందుకు గుల్లబారతాయో పరిశోధన చేస్తున్నారట. వీధి వీధీ తిరిగి నా ఈడు ముసలివాళ్ళ దగ్గర కాస్తంత రక్తం తీసుకుంటోంది. చేతిలో పలకలాంటి కంప్యూటరు, భుజాన మంచుపెట్టె. సూది బయటికి తీయకముందే నా ఎదుట నేలమీద కూర్చుని ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో అంతా మన మాటల్లోనే విడమరిచి చెప్పింది. "అవ్వా, నీకిష్టం లేకుంటే ఇప్పుడే వద్దను. మధ్యలో వద్దన్నా మేమేమీ అనుకోం. ఏం తేలిందో మళ్ళా వచ్చి నీకు చెప్పి పోతాం" అంది.

ఆ మాటకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పట్టరాని కోపం వచ్చింది. ఆ పిల్ల నా ముఖం చూసి బెదిరిపోయి "ఏమైందవ్వా, భయపడతాండావా?" అని నా చెయ్యి పట్టుకుంది. నీ మీద కాదులేమ్మా అని చెప్పి, రక్తమిచ్చి, మజ్జిగ తాగించి పంపాను గానీ ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఇంత చిన్న మాట, నోరు తెరిచి అడిగితే సరిపోయే మాట, అడగవలసిన వాళ్ళను ఆనాడు ఒక్కరూ అడగలేదే అన్న మంట ఇన్నేళ్ళయినా నాలో చల్లారలేదని అప్పుడు తెలిసింది.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మా నాయన ప్రొద్దుటూరులో మగ్గం నేసేవాడు. ఆడపిల్లకు అంత చదువెందుకని చుట్టుపక్కల వాళ్ళు ఎన్నన్నా చెవిన పెట్టకుండా నన్ను స్కూలు ఫైనలు దాకా చదివించి, ఆ తర్వాత రక్తమూ కఫమూ పరీక్ష చేసే పని నేర్చుకొమ్మని జమ్మలమడుగులో ఒక చిన్న ఆస్పత్రికి పంపాడు. ఇప్పటి యంత్రాలు చూసిన వాళ్ళకు మేము పడిన పాట్లు కథల్లాగా ఉంటాయి. ఆస్పత్రికంతా ఒకటే మైక్రోస్కోపు, ఇత్తడిది. దాని కింద గుండ్రటి అద్దం ఉండేది, దాన్ని కిటికీ వైపు తిప్పి వెలుతురు పట్టుకోవాలి, మబ్బు పడితే పని ఆగిపోయినట్టే. రంగు మందులు మేమే తూచి కలుపుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళకు పోతే నా వేళ్ళకున్న నీలం చూసి, ఈ పిల్ల అద్దకం పనికి పోతుందేమోనని చెవులు కొరుక్కునేవాళ్ళు. అయినా ఆ గొట్టంలోంచి మొదటిసారి నెత్తుటి చుక్కను చూసిన రోజు, ఇంత లోకం ఇంత చుక్కలో ఇమిడి ఉందా అని నిద్రపట్టనంత ఆనందం కలిగింది నాకు. సైన్సు అంటే ఆ వయసులో నాకు అంత గౌరవం. ఆ గౌరవం ఇప్పటికీ ఉంది, అందుకే ఈ కోపం కూడా.

ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో కాస్త లోపలికి మా పెద్దమ్మ వాళ్ళ ఊరు. ఆ ఊరికి రెండు దిగుడు బావులు. పై వీధి వాళ్ళకొకటి, పెద్దమ్మ వాళ్ళుండే కింది వీధికొకటి. జనం మెట్లు దిగి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకునేవాళ్ళు. ఎండలు ముదిరే సరికి ఆ ఊళ్ళో నారికురుపు వచ్చేది. ఇప్పటి వాళ్ళకు ఆ పేరే తెలియదు గాబట్టి చెబుతున్నాను. కాలి మీద బొబ్బ లేచి, అది చితికి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్తగా లాగాలి, తెగిందంటే కాలంతా చీము పట్టి మనిషి మంచంలో పడేది. అదీ ఎప్పుడు? సరిగ్గా విత్తనం వేసే అదునులో. తొలకరి పడ్డాక ఇంటిల్లిపాదీ మంచాల మీద మూలుగుతూ ఉంటే చేను బీడు పడిన ఇళ్ళు నాకు తెలుసు. పుండు మంటకు తట్టుకోలేక చల్లగా ఉంటుందని మళ్ళీ అదే బావిలో కాలు పెట్టేవాళ్ళు. అప్పుడు పురుగు తన పిల్లల్ని నీళ్ళలో వదిలేది. నీళ్ళలో తిరిగే ఇసుక రేణువంత జీవి ఆ పిల్లల్ని మింగేది. ఆ జీవిని మనిషి తాగేవాడు. మళ్ళీ ఏడాదికి మరో కాలు. ఈ వరస అంతా అప్పటికే ఎప్పుడో పుస్తకాలకెక్కిన సంగతి, కొత్తగా కనిపెట్టవలసినది కాదు.

ఆ జబ్బు మీద పరిశోధనకని ఎక్కడో దూరపు పట్నం నుంచి ఒక జట్టు జీపు వేసుకుని ఆ ఊరికి వచ్చింది. నేను వాళ్ళతో చేరింది రెండో ఎండాకాలంలో. ఆడవాళ్ళతో మాట్లాడగల మనిషి, మైక్రోస్కోపు చూడగల మనిషి కావాలంటే మా ఆస్పత్రి వాళ్ళు నన్ను పంపారు. జట్టుకు పెద్ద ఒక డాక్టరు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. పిడి పట్టి తిప్పితే కూడికలూ హెచ్చవేతలూ చేసే ఇనుప యంత్రమొకటి ఆయన బల్ల మీద ఉండేది. పై దేశాల్లో గదంత యంత్రాలు వచ్చాయనీ, అవి లక్ష మంది రోగుల లెక్క కూడా చిటికెలో తేలుస్తాయనీ ఆయన చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. అలాంటి మనిషి దగ్గర పని దొరకడం అదృష్టమనుకున్నాను.

ఆ వేసవిలోనే మా పెద్దమ్మ కూతురికి, అదే కింది వీధిలో కాపురముండే మా అక్కకు, మోకాటి కీలులో నారికురుపు లేచింది. కాలి మీద అయితే పుల్లకు చుట్టి లాగవచ్చు. కీలులోకి పోయిన పురుగు బయటికి రాదు, అక్కడే చచ్చి కుళ్ళుతుంది. అక్క అరుపులు వినలేక బావ ఎద్దుల బండి కట్టి జమ్మలమడుగుకు తోలుకుపోయాడు. ప్రాణం దక్కింది గానీ మోకాలు కర్రలాగా బిగుసుకుపోయింది. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చోవాలంటే ఆ కాలు ఎదురుగా చాపుకునే కూర్చోవాలి. అక్కకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

నేను అక్కడ రోజూ చేసే పని రెండు బావుల నీళ్ళూ తెచ్చి మైక్రోస్కోపు కింద చూడటం. పై బావి నీళ్ళలో ఆ జీవి కనబడేది కాదు, కింది బావి నీళ్ళలో కుప్పలుగా ఉండేది. పై బావిలో పోయిన వేసవి నుంచీ ఆ జీవిని చంపే మందు వేస్తున్నారని తెలుసు. కింది బావి వంతు ఇంకా రాలేదేమో, మందు చాలలేదేమో అనుకుంటూ వచ్చాను. అక్క కాలు అట్లా అయ్యాక ఆగలేక డాక్టరునే అడిగాను, కింది వీధి బావిలో మందెందుకు వేయలేదు సార్ అని.

ఆయన విసుక్కోలేదు. తెలివైన విద్యార్థికి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మాయ్, రెండింట్లోనూ వేస్తే జబ్బు తగ్గింది మందు వల్లనా, వానల వల్లనా అన్నది ఎలా తెలుస్తుంది? పోల్చి చూడ్డానికి ఒకటి వదిలేయాలి. నిజం తేలితే ఎన్ని ఊళ్ళకు మేలో ఆలోచించు."

"వదిలేసినామని వాళ్ళకు చెప్పినారా సార్?"

"చెబితే ఆ నీళ్ళు తాగుతారా?" అని నవ్వాడు.

నవ్వి, పక్కనున్న ఫ్లాస్కు మూత తీసి, కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో పోసుకుని తాగాడు.

ఆ గ్లాసు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. జట్టులో ప్రతి మనిషికీ కాచిన నీళ్ళే. వాళ్ళకు వంట చేసి పెట్టే ఇల్లు పై వీధిలో. మందు పడిన బావి ఆ ఇంటి వాళ్ళ బావి. ఏ బావి వదలాలో చీటీలు వేసి తీశారో, ఎట్లా నిర్ణయించారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కనీసం నీళ్ళు వడగట్టుకు తాగండమ్మా అని కింది వీధిలో ఒక్క మాట అనడానికి మందు కూడా అక్కరలేదే! ఆ మాట కూడా అనలేదు, లెక్క చెడుతుందని. ఆయన తర్కంలో నాకు తప్పేమీ కనబడలేదు, అది నాకూ అర్థమైంది. కానీ అందులో ఎక్కడా మా అక్క లేదు.

ఆ మరునాటి నుంచి నేను నా సొంత పరీక్ష మొదలుపెట్టాను. పెద్దమ్మ పాత చీర, పెదనాయన పంచె, మా నాయన నేసిన ఒత్తు నేత గుడ్డ తెచ్చుకుని, కింది బావి నీళ్ళు వాటిలో పోసి, కిందికి దిగిన నీళ్ళను అద్దం పలక మీద పెట్టి చూశాను. పలచటి చీరలోంచి ఆ జీవులు జారిపోతున్నాయి. ఒత్తు నేత గుడ్డను మడత పెట్టి కడితే ఒక్కటీ దిగడం లేదు. మళ్ళీ మళ్ళీ చూశాను, నా కళ్ళను నేనే నమ్మలేక. తర్వాత ఒక ఆదివారం, జట్టు వాళ్ళు పులివెందులకు పోయిన పూట, మైక్రోస్కోపును చంకనెత్తుకుని కింది బావి గట్టు మీద పెట్టి, అద్దం ఆకాశం వైపు తిప్పి, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళను పిలిచాను.

ముందుగా కన్ను పెట్టింది మా పెద్దమ్మ. "ఏందే ఇది, ఒంటికన్నుతో ఎగురుతాంది!"

"దాని కడుపులో సూడు పెద్దమ్మా, సన్నంగా సుట్టుకోని ఉంది. అదే అక్క మోకాట్లో పెరిగింది."

"ఈ నీళ్ళేనా మేం తాగుతాండేది?"

ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. ఒకావిడ నోరు మూసుకుని పక్కకు పోయి వాంతి చేసుకుంది. పై బావి నీటి చుక్క పెట్టి చూపించాను. "దాన్లో శానా తేటగా ఉండాయే!" అంది ఇంకొకావిడ. అప్పుడు మా పెద్దమ్మ నిటారుగా లేచి నిలబడి, ఆడ వేసిన మందు ఈడ ఎందుకు వేయలేదని నన్ను అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

 మా పెద్దమ్మ కడవ గట్టు మీద దించి అంది. "మమ్మల్ని ఒక మాట అడిగింటే చెప్పుకోమా, మాకూ బిడ్డలుండారని?"

ఒత్తు గుడ్డ మడతలోంచి ఆ జీవులు దిగవని చూపించి, పుండుతో బావిలో దిగవద్దని చెప్పాను. ఆ సాయంత్రమే పెద్దమ్మ పెదనాయన ఒత్తు నేత కొత్త పంచె చించి, మడిచి, కడవ మూతికి కట్టింది. వారం తిరిగే సరికి కింది వీధిలో గుడ్డ కట్టని కడవ లేదు. పుండు ఉన్నవాళ్ళు బావిలో దిగకూడదని ఆడవాళ్ళే కట్టడి చేసుకుని, వాళ్ళ ఇళ్ళకు వంతులవారీగా నీళ్ళు మోశారు. ఎవరో ఊరి పెద్దమనిషి బావిలో కాలు పెట్టబోతే మెట్ల మీదే నిలబెట్టి, కాళ్ళు చూపించమన్నారట.

సంగతి డాక్టరుకు తెలియకుండా ఉంటుందా? నన్ను పిలిచి, నా ప్రయోగాన్ని పాడు చేశావు అన్నాడు. మా అక్క కాలు పాడు చేసింది మీరు అన్నాను.  పెట్టె సర్దుకుని ముద్దనూరుకు వచ్చి బస్సెక్కాను. ప్రొద్దుటూరులో మా నాయన అంతా విని, మంచి పనే చేసినావులే అన్నట్టు తల ఆడించి, ఒత్తు నేత గుడ్డ మూట ఒకటి పెద్దమ్మ ఊరికి పంపించాడు.

మరుసటి వేసవికి కింది వీధిలో నారికురుపు దాదాపు పోయింది. జట్టులో లెక్క రాసుకునే మనుషులు ఇల్లిల్లూ తిరిగారట. ప్రతి కడవకూ గుడ్డ కట్టి ఉంది, వాళ్ళ కళ్ళముందే ఉంది, అదెందుకని ఒక్కరూ అడగలేదట. అడగడానికి వాళ్ళ కాగితంలో గడి లేదు గామోసు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నేను మళ్ళీ జమ్మలమడుగులో పని చేస్తూ ఉండగా, మా లేడీ డాక్టరు ఒక ఇంగ్లీషు పత్రికలో ఆ జట్టు వాళ్ళ వ్యాసం చదివి నాకు అర్థం చెప్పింది. చివరి ఏడు మందు వేసిన బావి వాడిన వాళ్ళకూ, వేయని బావి వాడిన వాళ్ళకూ తేడా కనబడలేదనీ, మందు పనికొస్తుందో లేదో చెప్పలేమనీ, రెండో చోట తగ్గడం వానలు లేకపోవడం వల్ల కావచ్చనీ రాశారట! ఆ ఏడు వాన పడని మాట నిజమే. కానీ గుడ్డ మాట లేదు, ఆడవాళ్ళ మాట లేదు. లెక్క చెడింది నా వల్లనే అని మీలో ఎవరైనా అనవచ్చు. చెడనీ అంటాను నేను. నిజం కావాలనుకున్న వాళ్ళు ఒక్కసారి కడవ వైపు వేలు చూపించి "ఇదేందమ్మా?" అని అడిగి ఉంటే చాలు, ఆ మందు కంటే పెద్ద నిజం ఉచితంగా దొరికేది.

ఎన్నో ఏళ్ళు గడిచాక ప్రభుత్వం వాళ్ళు ఊరూరా తిరిగి, నీళ్ళు గుడ్డతో వడగట్టుకోండి, పుండుతో బావిలో దిగకండి అని గోడల మీద బొమ్మలు వేసి మరీ చెప్పారు. దిగుడు బావులు పూడ్చి బోర్లు వేశారు. దేశంలోనే ఆ జబ్బు లేకుండా పోయింది. మంచిది, చేసిన వాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. కానీ కింది వీధి ఆడవాళ్ళకు తెలిసిన దానికీ, ఊరూరికీ తెలియడానికీ మధ్య గడిచిన ఆ ఏళ్ళలో కీళ్ళు బిగుసుకుపోయిన వాళ్ళు ఎందరో, వాళ్ళకు ఎవరు జవాబుదారీ? మా అక్క చాపిన కాలు చాపినట్టే ఉంచుకుని ముగ్గురు పిల్లల్ని పెంచింది, సంగటి కెలికింది, అట్లాగే పోయింది.

మొన్న దసరాకు ఆ ఊరికి వెళ్ళాను. కింది బావి ఉన్న చోట ఇప్పుడు బస్సు షెల్టరు. అక్కడ సెల్లు చూసుకుంటూ కూర్చున్న పిల్లల్ని నారికురుపు అంటే తెలుసా అని అడిగితే, అది ఏ చెట్టు పేరవ్వా అన్నారు. తెలియకపోవడమే మేలు, ఆ పేరు వాళ్ళకు ఎన్నటికీ తెలియకూడదు. కానీ ఆ బావి మెట్ల మీద నిలబడి ఊరి పెద్దమనిషిని కాళ్ళు చూపించమన్న ఆడవాళ్ళు ఆ పిల్లల అవ్వలే. ఆ సంగతి చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ మిగల్లేదు.